సూదితలపై సరస్వతీ భాండాగారం

గుండుసూది తలను చూడడానికని ఎవరూ చూడరు. బట్టకు గుచ్చేటప్పుడు వేలికి తగులుతుంది, అంతే. అంగుళంలో 16వ వంతు వెడల్పు. ఒక ఆవగింజ నిలిస్తే రెండవదానికి చోటు చాలదు. అంతటి చోటులో 24 సంపుటాల ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాను అక్షరం పోకుండా ఎందుకు వ్రాయరాదని 1959 డిసెంబరు 29వ తేదీన ఒక శాస్త్రజ్ఞుడు నిండుసభలో అడిగారు. సభ అమెరికా భౌతికశాస్త్ర సంఘం వారిది. స్థలం కాలిఫోర్నియా రాష్ట్రంలోని పాసడీనా నగరం. అడిగినవారు ఆచార్య రిచర్డ్ ఫైన్‌మన్. ఆయనకు నోబెల్ బహుమానం రావడానికి ఇంకా ఆరేళ్ళ వ్యవధి ఉన్నది.

ప్రశ్న వినోదంగా ఉన్నా లెక్క మాత్రం గట్టిది. సూదితలను అడ్డంగా 25,000 రెట్లు పెద్దది చేసి చూస్తే, బ్రిటానికా పుటలన్నీ విప్పి పరిచినంత వైశాల్యం వస్తుంది. కాబట్టి పుటలను అదే పాళ్ళలో కుదిస్తే చాలును. అచ్చులో ఛాయాచిత్రాలను తీర్చే సన్నని చుక్కను అంతగా కుదించినప్పటికీ, లోహపు ముఖం మీద అది 32 పరమాణువుల వెడల్పు ఉంటుంది. దాని విస్తీర్ణంలో సుమారు వెయ్యి పరమాణువులు కూర్చుంటాయి. ఒక చుక్క పెట్టడానికి వెయ్యి పరమాణువులు చాలవా? ఇందుకు ప్రకృతి నియమాలేవీ అడ్డురావని ఆయన వాదన. అక్కడితోనూ ఆగలేదు. ప్రపంచంలో దాచదగిన గ్రంథాలు 2 కోట్ల 40 లక్షల సంపుటాలుంటాయని అంచనా కట్టి, వాటిలోని సమస్తాన్నీ చుక్కలూ గీతలుగా మార్చి, ఒక్కొక్క చుక్కకు 125 పరమాణువులను కేటాయిస్తే, లోకంలోని విద్య అంతా అంగుళంలో 200వ వంతు ఉన్న ఘనంలో ఇమిడిపోతుందన్నారు. అనగా కంటికి లీలగా కనిపించే ధూళికణమంత.

పుస్తకపు పుట నొకదానిని 25,000 వంతున కుదించి, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చదవగలిగేటట్లు వ్రాసి చూపినవారికి వెయ్యి డాలర్లు ఇస్తానని ఆనాడే ప్రకటించారు. ఆ పందెం గెలవడానికి 26 సంవత్సరాలు పట్టింది. 1985లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థి థామస్ న్యూమన్, డికెన్స్ నవల ‘ఎ టేల్ ఆఫ్ టూ సిటీస్’ మొదటి పుటను ఎలక్ట్రాన్ కిరణంతో అంత చిన్నదిగా వ్రాసినారు. వ్రాయడం కుదిరింది. తరువాత వచ్చిన చిక్కు వేరు: వ్రాసిన పుట ఆ ఫలకం మీద ఎక్కడున్నదో కనుక్కోవడం! దాని ముందు ఆ ఫలకం పెద్ద మైదానం; పుట, మైదానంలో జారవిడిచిన ఆవగింజ. ఈ సంగతిని శాస్త్రచరిత్రకారులు నవ్వు పుట్టించే ముచ్చటగా చెపుతారు. నాకు మాత్రం ఆ తరువాతి కథ అంతా ఈ ముచ్చటలోనే మొదలైనట్లు తోస్తుంది.

కంప్యూటరుకు అక్షరజ్ఞానం లేదు. దానికి తెలిసినవి రెండే: ఉన్నది, లేదు. వీటిని 1 అనీ 0 అనీ గుర్తిస్తారు. ఇట్లాంటి గుర్తు ఒక్కొక్కటి ఒక బిట్. ఎనిమిది బిట్లు కూడితే ఒక బైట్. ఇంగ్లీషువారి అక్షరానికి ఒక బైట్ సరిపోతుంది. 1991లో వెలువడిన యూనికోడ్ పట్టికలో మన లిపికీ స్థానం దొరికింది గాని, నేడు సర్వత్రా వాడుకలో ఉన్న పద్ధతిని బట్టి తెలుగు గుర్తు ఒక్కొక్కదానికి మూడేసి బైట్లు కావాలి. పైగా కంప్యూటరు లెక్కలో గుర్తు వేరు, అక్షరం వేరు. ‘స్త్రీ’ అన్నామంటే నోటికి ఒకే అక్షరం. యంత్రానికి అది సకారం, పొల్లు, తకారం, మరల పొల్లు, రేఫ, చివర గుడిదీర్ఘం: వెరసి ఆరు గుర్తులు, 18 బైట్లు, 144 బిట్లు. ఈ 144 అనే సంఖ్యను పాఠకులు కొంచెం జ్ఞాపకం ఉంచుకోవలసిందని మనవి. మళ్ళీ దానితో పని పడుతుంది.

ఫైన్‌మన్ ఉపన్యాసానికి మూడేళ్ళ ముందు, 1956లో, ఐబీఎం సంస్థ మొదటి అయస్కాంతపు పళ్ళేల యంత్రాన్ని అమ్మకానికి, అద్దెకు పెట్టింది. అడ్డంగా రెండడుగులున్న 50 పళ్ళేలు ఒకే ఇరుసు మీద తిరిగేవి. బరువు ఒక టన్నుకు పైమాట. ఇంత చేసి అందులో పట్టినవి 50 లక్షల అక్షరాలు. చదరపు అంగుళానికి 2,000 బిట్లు. మన లెక్కలో చెప్పాలంటే, చదరపు అంగుళంలో ‘స్త్రీ’ అనే అక్షరాన్ని 13 మార్లు వ్రాసేసరికి చోటు అయిపోతుంది. తాటాకు మీద చేయితిరిగిన లేఖకుడు అంతకు తక్కువ వ్రాయడు.

అటువంటి పళ్ళెం నేడు చదరపు అంగుళానికి లక్ష కోట్ల బిట్లను దాటింది. 1956తో పోల్చితే 50 కోట్ల రెట్లు. ఒక్కొక్క బిట్ ఆక్రమించే చోటు సుమారు 25 నానోమీటర్ల పొడవు, అంతే వెడల్పు. నానోమీటరనగా మిల్లీమీటరులో పదిలక్షల వంతు. సూదితల వైశాల్యానికి గుణించి చూచినాను: 307 కోట్ల బిట్లు వచ్చినవి. ఫైన్‌మన్ తన అంచనాలో లోకంలోని పుస్తకాలన్నిటికీ కట్టిన బిట్ల లెక్కను బట్టి 24 సంపుటాలకు 100 కోట్ల బిట్లు చాలును. అంటే సూదితల మీద బ్రిటానికాను మూడుసార్లు వ్రాసి ఇంకా అంచు మిగుల్చుకోవచ్చును. 1959లో అబ్బురమైన కోరిక నేడు బజారులో దొరికే పెట్టెలో నెరవేరి ఉన్నది. ఎవరూ పండుగ చేసుకోలేదు.

ఇక్కడికి వచ్చిన తరువాత ఒక గోడ అడ్డమైనది. పళ్ళెం మీది పూత కొన్ని నానోమీటర్ల అయస్కాంతపు రేణువుల మయం. రేణువు ఉత్తర ధ్రువం ఎటు తిరిగి ఉన్నదన్నదే వ్రాత. చిన్న బిట్ కావాలంటే రేణువు చిన్నది కావాలి. అయితే ఈ లోకంలో వేడి అనేది ఒకటున్నది. మనకు హాయిగా తోచే గదివేడిమిలో సైతం ప్రతి పరమాణువూ క్షణం తీరిక లేక కంపిస్తూనే ఉంటుంది. రేణువు పెద్దదైతే ఈ కుదుపును ఓర్చుకుంటుంది. మరీ చిన్నదైతే ఎవరూ ముట్టుకోకుండానే ఏదో ఒక క్షణాన తలక్రిందులవుతుంది. 1 పోయి 0 అవుతుంది. వ్రాసినవాడు వ్రాసిన దానిని చీడపురుగు కొరకదు, చెద తినదు, వేడిగాలి చెరిపివేస్తుంది.

కుదుపుకు లొంగని మొండి పదార్థం వాడరాదా? వాడవచ్చును. ఇనుమును ప్లాటినంతో కలిపిన మిశ్రమం అటువంటిదే. కాని అది వ్రాతకూ లొంగదు. ఈ ఇరకాటం నుంచి బయటపడడానికి కనిపెట్టిన ఉపాయం చూస్తే మనవారికి లక్కముద్ర జ్ఞప్తికి వస్తుంది. లక్కను కాచి, మెత్తగా ఉన్నప్పుడు ముద్ర వేసి, చల్లారనిస్తే మరి చెదరదు గదా. అట్లాగే తిరుగుతున్న పళ్ళెం మీద బిట్ అంత చోటును మాత్రమే లేజర్ సాయంతో 400 డిగ్రీలకు పైగా వేడిచేసి, ఆ నానోసెకండులోనే అయస్కాంతంతో దిశ మార్చి, వెంటనే చల్లారనిస్తారు. ప్రక్క బిట్‌కు సెగ తగలరాదు. ఇన్నేళ్ళు ప్రయోగశాలల్లో నలిగిన ఈ పద్ధతితో సీగేట్ సంస్థ 30 టెరాబైట్ల పేటికలను 2024లో వెలువరించింది.

నా బల్ల సొరుగులోనూ అయస్కాంతపు పేటిక ఒకటి ఉన్నది, పాతకాలపుది. 2006లో మా నాన్నగారు భాగవతంలోని పద్యాలను రాగవరుసలతో చదువుతుండగా పట్టి, అందులో దాచినాను. ఆయన పోయిన రెండేళ్ళకు ఒకనాడు వినాలనిపించి తగిలిస్తే, లోపల చిన్నగా టిక్కు టిక్కుమని ఊరుకున్నది. బాగుచేసే కుర్రవాడు దానిని చెవి దగ్గర పెట్టుకుని విని, “పళ్ళెం బాగానే ఉండి ఉంటుందండీ, చదివే చేయి పడిపోయింది” అన్నాడు. అతని మాట సరిగానే తోచింది. రేణువులన్నీ ఆయన చదివినప్పుడు ఎటు తిరిగినవో ఇప్పటికీ అటే తిరిగి ఉండవచ్చును. పుట ఉన్నది, దాని దగ్గరకు పోయే దారి లేదు. న్యూమన్ పడిన చిక్కే, మరొక రూపంలో.

అయస్కాంతాన్ని విడిచి వేరే దారి పట్టినవారూ ఉన్నారు. స్విట్జర్లాండులో జూరిక్ దగ్గర ఐబీఎం ప్రయోగశాలవారు 2002లో చూపిన యంత్రానికి ‘మిల్లీపీడ్’ అని పేరు, అనగా సహస్రపాది. నేనైతే సహస్రగంటం అని ఉందును. 1,024 సూక్ష్మమైన మొనలు ఒక చిన్న బిళ్ళలో వరుసలు తీరి ఉంటాయి. ప్రతి మొననూ వేడిచేసి మెత్తని ప్లాస్టిక్ పొరలో అదిమితే 10 నానోమీటర్ల గుంట పడుతుంది. గుంట ఉంటే 1, లేకపోతే 0. చదివేటప్పుడు అదే మొన గుంటలోకి దిగి కొంచెం చల్లబడుతుంది. ఆ తేడా వలన గుంట ఉన్నదని తెలుస్తుంది. వేడి తగిలిస్తే పూడిపోతుంది గనుక తిరిగి వ్రాసుకోవచ్చును. ఆకు మీద గీయడం, గీసినదానిని తడిమి చదవడం: మన తాతల విద్యయే అది. తపాలాబిళ్ళంత మేరలో రెండున్నర కోట్ల పుటలు పట్టిస్తామన్నారు. అయితే ఇంతలో ఎలక్ట్రాన్లను బంధించి ఉంచే ఫ్లాష్ చిప్పులు చవుకైపోయినవి. సహస్రపాది బజారు ముఖం చూడనేలేదు. సాంకేతిక విద్యలో అందమైనదే గెలవాలన్న నియమం ఏదీ లేదు.

ఆ జూరిక్ ప్రయోగశాలలోనే అంతకు 20 ఏళ్ళు ముందుగా పుట్టినది స్కానింగ్ టన్నెలింగ్ సూక్ష్మదర్శిని. గెర్డ్ బిన్నిగ్, హైన్రిఖ్ రోరర్ అనే ఇద్దరు 1981లో దానిని నిర్మించి 1986లో నోబెల్ బహుమానం పంచుకున్నారు. లోహపు సూదిని పదును చేయగా చేయగా చివర ఒక్క పరమాణువు మిగులుతుంది. దానిని ఉపరితలానికి తగిలీ తగలనట్లు నిలిపితే, మధ్య ఉన్న శూన్యాన్ని దాటి ఎలక్ట్రాన్లు కొద్దిగా ప్రవహిస్తాయి. సూదిని నడిపిస్తూ ఆ ప్రవాహాన్ని కొలిస్తే పరమాణువుల మిట్టపల్లాలు తెలుస్తాయి. చూడడానికని చేసిన సూది కొద్దికాలంలోనే తోయడానికీ పనికివచ్చింది. 1989లో కాలిఫోర్నియాలో డాన్ ఐగ్లర్ 35 జెనాన్ పరమాణువులను నికెల్ ఫలకం మీద ఒక్కొక్కటిగా లాగి, తాను పనిచేసే సంస్థ పేరులోని మూడక్షరాలు వ్రాసినారు. అణువుకు అణువు చేర్చి మనిషి వ్రాసిన మొదటి వ్రాత సంస్థ పేరు కావడం గమనించదగినది. మనవారైతే ‘శ్రీ’కారం చుట్టి ఉందురు.

ఆ దారిలో ఇంతవరకు నడిచిన దూరంలో నాకు మిక్కిలి ఆశ్చర్యం కలిగించేది హాలండు దేశంలోని డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో సాండర్ ఒట్టె, ఆయన శిష్యులు చేసిన పని. 2016 జూలైలో ప్రకటించినారు. శుభ్రమైన రాగి ముఖం మీద క్లోరిన్ పరమాణువులను పడనిస్తే, అవి చదరంగపు గళ్ళవలె వాటంతట అవే బారులు తీరుతాయి. అక్కడక్కడ కొన్ని గళ్ళు ఖాళీగా మిగులుతాయి. ఒక గడి ఖాళీగా ఉంచి బిళ్ళలను జరుపుతూ ఆడే పిల్లల ఆట తెలుసును గదా! అట్లాగే సూదిమొనతో ప్రక్క పరమాణువును ఖాళీలోకి జరిపితే, ఖాళీ ప్రక్కకు జరుగుతుంది. పరమాణువు పైన, ఖాళీ క్రింద ఉంటే 1, తారుమారైతే 0. ఇదే వారి వర్ణమాల.

ఈ విధంగా ఒక కిలోబైట్, అనగా 8,000 బిట్లకు పైగా, 96 నానోమీటర్ల వెడల్పు, 126 నానోమీటర్ల పొడవు గల చోటులో వ్రాసినారు. చదరపు అంగుళానికి 502 లక్షల కోట్ల బిట్ల సాంద్రత. నాటి మేలైన అయస్కాంతపు పళ్ళేలకు 500 రెట్లు. అందులో వారు ఏమి వ్రాసినారనుకున్నారు? ఫైన్‌మన్ 1959 ఉపన్యాసంలోని ఒక భాగమే. గురుదక్షిణ అంటే ఇట్లా ఉండాలి.

చిక్కులు తెలిసినవారు గనుక, వ్రాతను 64 బిట్ల గళ్ళుగా విభజించి, ప్రతి గడికీ మూలన ఒక ఆనవాలు పెట్టినారు. సూది ముందు ఆ ఆనవాలు చదువుకుని, తానెక్కడున్నదీ, ఆ గడి పనికివచ్చేదో చెడినదో తెలుసుకుంటుంది. కందపద్యానికీ 64 మాత్రలే; కాకతాళీయం, అంతకు మించి అర్థం వెదకనక్కరలేదు. కాని ఆ 64 బిట్లలో తెలుగు గుర్తులు మూడయినా పట్టవు. కిలోబైట్ మొత్తంలో గీతంతో కూడిన సీసపద్యం ఒకటి వ్రాస్తే చోటు నిండిపోతుంది.

పోనీ, చోటు దొరుకుతున్నది గదా అంటారా? కాలం సంగతి చూడాలి. 64 బిట్ల గడిని చదవడానికి సుమారు ఒక నిమిషం. తిరిగి వ్రాయడానికి సుమారు పది నిమిషాలు. మన 144 బిట్ల ‘స్త్రీ’ని వ్రాయడానికి 22 నిమిషాలు పైగా పడుతుందన్నమాట. ఫైన్‌మన్ లెక్కించిన లోకపు గ్రంథరాశిని ఈ సాంద్రతతో రెండు చదరపు అంగుళాలలో, పెద్ద తపాలాబిళ్ళంతలో, ఇమడ్చవచ్చును. నిజమే. ఒకే సూదితో ఆ వేగాన వ్రాయాలంటే ఎంతకాలమవుతుందో కాగితం పెట్టుకుని లెక్క వేశాను: 30 కోట్ల సంవత్సరాలు. ఒకసారి చదవడానికి 3 కోట్లు. యంత్రాలు వేగం పుంజుకుంటాయి, వేయి సూదులు కలిసి వ్రాస్తాయి, అదంతా కాదనను. అయినా అడుగున ఉన్న చోటును ఫైన్‌మన్ చూపినప్పుడు, అక్కడికి దిగే మెట్ల సంగతి తక్కువగా చెప్పినారనిపిస్తుంది.

మరొకటి, చలి. ఈ రాగిఫలకం శూన్యంలో ఉండాలి. ద్రవ నత్రజని చల్లదనంలో, సున్నాకు దిగువన 196 డిగ్రీల వద్ద ఉండాలి. వేడెక్కితే ఖాళీలు తమంతట తాము నడక సాగిస్తాయి, వ్రాత అలుక్కుపోతుంది. 2017లో ఐబీఎం వారి ప్రయోగశాలలో ఇంకా ముందుకు పోయి, హోల్మియం లోహపు ఒక్క పరమాణువులో ఒక బిట్ నిలిపినారు. ఒక పరమాణువుకు ఒక అక్షరం! అయస్కాంతపు వ్రాతలో ఇంతకంటె క్రిందికి దిగడానికి మెట్టు లేదు. దానికి కావలసిన చల్లదనం నిరపేక్ష శూన్యానికి డిగ్రీన్నర లోపు. చిన్నదిగా వ్రాసినకొద్దీ చలిని కొనవలసి వస్తున్నది.

చలికి దాసోహం అనక తప్పదా? ప్రకృతి తన గ్రంథాన్ని ఏనాడో మరొక విధంగా వ్రాసుకున్నది. డీఎన్‌ఏ పోగులో నాలుగు రసాయనాక్షరాలు మూడింట ఒక వంతు నానోమీటరు ఎడంతో బారులు తీరి ఉంటాయి. 2017లో న్యూయార్కులో యానివ్ ఎర్లిఖ్, డీనా జియెలిన్‌స్కీ అనే ఇద్దరు ఒక కంప్యూటరు నిర్వాహక వ్యవస్థనూ, 1895 నాటి ఫ్రెంచి చలనచిత్రాన్నీ, మరికొన్నింటినీ కలిపి 21 లక్షల బైట్లను డీఎన్‌ఏగా వ్రాయించి తప్పు లేకుండా తిరిగి చదివినారు. గ్రాముకు 21,500 లక్షల కోట్ల కోట్ల బైట్లలో లక్షవ వంతు కాగా 2,150 కోట్ల కోట్ల బైట్ల సాంద్రతకు, వారి మాటలో 215 పెటాబైట్లకు, పదింట ఒక వంతు చొప్పున తీసుకున్నా లోకపు గ్రంథాలన్నీ గ్రాములో అతి చిన్న భాగంలో ఇముడుతాయి. నిలకడ సంగతి వేరే చెప్పనక్కరలేదు: గ్రీన్‌లాండు గడ్డకట్టిన మన్నులో 20 లక్షల ఏళ్ళనాటి డీఎన్‌ఏను చదివినట్లు 2022లో ప్రకటించినారు. చూడండి, అక్కడా చలియే కాపాడినది! ఇక ఖర్చు: ఆ 21 లక్షల బైట్లను వ్రాయించడానికి 7,000 డాలర్లు, చదవడానికి 2,000 డాలర్లు అయినవి. నేటి చేతిఫోనులో ఒక్క ఛాయాచిత్రం అంతకంటె పెద్దది.

గాజును నమ్ముకున్నవారూ ఉన్నారు. ఇంగ్లండులోని సౌథాంప్టన్ విశ్వవిద్యాలయంవారు అతిక్షణికమైన లేజర్ తటిల్లతలతో స్ఫటికపు గాజు లోపల నానోమీటర్ల చాళ్ళు తీర్చినారు. అదే బాటలో మైక్రోసాఫ్ట్ సంస్థ 1978 నాటి ‘సూపర్‌మ్యాన్’ చిత్రాన్ని అరచేతిలో ఇమిడే గాజుబిళ్ళలో భద్రపరచి 2019లో చూపింది. దానిని నీళ్ళలో ఉడకబెట్టినా, పొయ్యిలో కాల్చినా చెడదట. వ్రాసినదానిని చెరిపి మళ్ళీ వ్రాసే వీలు మాత్రం లేదు. శాసనం వంటిది.

శాసనం అన్నాను గనుక ఒక పాత సంగతి. ఇంగ్లండును జయించిన విలియం రాజు 1086లో తన రాజ్యంలోని భూములన్నీ లెక్కవ్రాయించిన గ్రంథం ‘డూమ్స్‌డే’. దానికి 900 ఏళ్ళు నిండిన సందర్భాన, 1986లో, బీబీసీ వారు పదిలక్షల మందికి పైగా ప్రజల చేత కొత్త డూమ్స్‌డే వ్రాయించి, లేజర్ పళ్ళేలలో భద్రపరచినారు. పదిహేనేళ్ళు గడిచేసరికి ఆ పళ్ళేలను చదివే యంత్రాలు దొరకడం గగనమైనది. 2002లో పండితులు కూర్చుని ఆ యంత్రానికి మారుగా వేరొక కంప్యూటరు చేత నటింపజేసి వాటిని చదివించవలసి వచ్చింది. గొర్రెతోలు మీది 1086 నాటి సిరా వ్రాతను మాత్రం లాటిన్ వచ్చినవారెవరైనా నేటికీ చదువుకోవచ్చును.

దీనిని బట్టి తోలు మేలు, యంత్రం కీడు అనేవారున్నారు. నేను అనను. మన తాళ్ళపాక కవుల సంకీర్తనల రాగిరేకులు తిరుమల ఆలయంలో ఒక చిన్న అరలో శతాబ్దాలపాటు పడి ఉండి, 20వ శతాబ్దిలో వెలికివచ్చినవి. డెల్ఫ్టువారిదీ రాగియే, అన్నమయ్య కుమారులు వాడినదీ రాగియే. ఒకదానికి ద్రవ నత్రజని కావాలి; రెండవదానికి అరలో చీకటి చాలింది. కాని ఆ చీకటిలో అవి ఉన్నాయని చాలాకాలం లోకానికి తెలియలేదు, ఎవరూ పాడుకోలేదు. చెడకపోవడం వేరు, అందుబాటులో ఉండడం వేరు.

తాటాకుల మాటకు వస్తే, మన తేమగాలిలో ఆకు కొన్ని వందల ఏళ్ళకు మించి నిలవదు. మనకు నన్నయ మిగిలినాడంటే ఆయన చేతి ఆకు మిగిలి కాదు. ప్రతి తరంలో ఎవడో ఒక లేఖకుడు నడుము వంచుకుని, కళ్ళు చికిలించుకుని, ఎదుట ఉన్న శిథిల ప్రతిని కొత్త ఆకుల మీదికి ఎక్కించినాడు. 19వ శతాబ్దిలో బ్రౌన్ దొర కడప బంగళాలో పండితులకు జీతాలిచ్చి చేయించిన పని అదే. నేటి కంప్యూటరు సంస్థల భాండాగారాలలోనూ ఇదే జరుగుతున్నది: పేటిక ముసలిదైనదని తోచగానే అందులోనిది కొత్తదానిలోకి ఎక్కిస్తారు, ఒక్కొక్కదానికి రెండు మూడు ప్రతులుంచుతారు. లేఖకుని నడుము స్థానంలో విద్యుత్తు ఖర్చవుతుంది. కనుక కొత్త భాండాగారం ఏది వచ్చినా నేను మొదట అడిగే ప్రశ్న, అది ఎంత చిన్నదని కాదు. తిరిగి ప్రతి వ్రాయడానికి ఎంతసేపు, ఎంత సొమ్ము? వ్రాయకుండా వదిలివేస్తే ఎన్నాళ్ళు ఆగుతుంది? డెల్ఫ్టు రాగికి మొదటిదానిలో లోటు, గాజుకు రెండవదానిలో బలం. డీఎన్‌ఏకు సొమ్ము దగ్గర చిక్కు. బజారులోని అయస్కాంతపు పళ్ళెం మూడింటిలోనూ ఏదో ఒక మాదిరిగా నెట్టుకువస్తున్నది, అందుకే ఇంకా బజారులో ఉన్నది.

ఈ వ్యాసం సగంలో ఉండగా విశాఖపట్టణం నుంచి మా అక్కయ్య ఫోను చేసింది. నా పేటిక సంగతి విని, “ఆ పద్యాలు నా దగ్గర క్యాసెట్టులో ఉన్నాయిరా, నాన్న మా ఇంటికి వచ్చినప్పుడు మీ బావ పట్టినవి” అన్నది. గొంతు కొంచెం గరగరలాడుతున్నదట. గజేంద్రమోక్షం మధ్యలో ప్రెషర్ కుక్కరు ఈల కూడా పడిందట. క్యాసెట్టు తిప్పే యంత్రం వారి పక్కింటివారి అటక మీద ఉన్నది, అది పనిచేస్తుందో లేదో చూడాలి. వచ్చే ఆదివారం బయలుదేరుతున్నాను. కొత్త పేటికలు రెండు కొన్నాను, ఒకటి అక్కయ్య దగ్గర ఉంచడానికి.